అంతరిక్షంలో వంటెవరిది?

ఈమధ్య వస్తున్న ఫాంటసీ నవల ఏది తెరిచినా కథకంటే ముందు మ్యాపు ఉంటుంది. ఉత్తరాన మంచుకొండలు, దక్షిణాన ఎడారి, మధ్యలో నోరు తిరగని పేరున్న నది, ఒడ్డున నల్లటి కోట. మ్యాపు వెనక రాజవంశాల చిట్టా, దాని వెనక దేవుళ్ళ చిట్టా. ఇవన్నీ దాటుకుని కథలోకి అడుగుపెడితే లక్షమంది సైన్యం గుర్రాల మీద మంచులో పోతూ ఉంటుంది. మ్యాపులో చూస్తే ఒక్క వరిచేను ఉండదు, ఒక్క కూరగాయల సంత ఉండదు. ఆ గుర్రాలకు గడ్డి ఎక్కడిదో రచయిత చెప్పడు, మనం అడగం.

మా అమ్మ అడుగుతుంది.

శుక్లాల ఆపరేషన్ అయినా అమ్మకి చిన్న అక్షరాలు ఆనడం లేదు. అందుకని చదవడం మానేసింది గానీ కథలు మానలేదు. రాత్రి భోజనాలయ్యాక, నేను చదువుతున్న పుస్తకం ఎంతవరకొచ్చిందో ఆవిడకి అప్పజెప్పాలి. చిన్నప్పుడు దాసరి సుబ్రహ్మణ్యం గారి రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం లాంటి చందమామ సీరియళ్ళు మీద పడి చదివిన మనిషి. మాంత్రికులూ భల్లూకాలూ ఆవిడకి పాత చుట్టాలే. ఎంత పెద్ద డ్రాగన్‌ని దింపినా "ఊఁ" అని ఊరుకుంటుంది. డ్రాగన్ వాలి, కోట కాలి, రాజు పారిపోయాక మాత్రం అడుగుతుంది: "అదంతా సరే గానీ, వంటెవరు చేస్తారు?"

వేళాకోళం ప్రశ్న కాదిది. డయానా విన్ జోన్స్ అనే బ్రిటిష్ రచయిత్రి ఫాంటసీ లోకాన్ని టూరిస్టు గైడులా వర్ణిస్తూ 1996లో ఒక పుస్తకమే రాసింది. ఆ లోకంలో ఎక్కడికెళ్ళినా దొరికేది స్టూ ఒక్కటేనట. తయారవడానికి గంటలు పట్టే ఆ వంటని, శత్రువులు తరుముతుంటే అడవిలో రాత్రికి ఆగినవాళ్ళు ఎలా వండుకుంటారో అర్థం కాదని ఆవిడ ఎకసెక్కం. నేనీ సంగతి చెబితే అమ్మ సంతోషించింది. "ఆవిడెవరో కాపరం చేసిన మనిషిరా" అంది.

ఈ పరీక్షలో మొదట పాసైనవాడు ఆండీ వీర్. 'ద మార్షియన్' 2011లో సొంతంగా వేసుకున్న పుస్తకం, 2014లో పెద్ద ప్రచురణకర్త చేతికెళ్ళింది. అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకుపోయిన మార్క్ వాట్నీ బంగాళాదుంపలు పండిస్తాడు. ఎరువు ఏమిటన్నది భోజనాల తర్వాత చెప్పే విషయం కాదు గానీ, చెప్పక తప్పలేదు. అమ్మ మొహం చిట్లించలేదు. లంకపొలంలో ఏళ్ళతరబడి కంద వేయించిన మనిషి. "విత్తనం ఎలా కోశాడు?" అంది. నాలుగేసి ముక్కలుగా, ప్రతి ముక్కకీ కనీసం రెండు కళ్ళుండేలా కోశాడని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అయితే పండుతుంది" అని పడుకుంది. రాకెట్టు ఇంధనం నుంచి నీళ్ళు తీసిన ఘట్టం వీర్ ఎంత కష్టపడి రాశాడో పాపం, దాని గురించి ఒక్క మాట అడగలేదు.

అదే వీర్ 2021లో రాసిన 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ' మా ఇంట్లో చాలాకాలం నడిచింది. వచనంలో సొగసు వెతక్కండి, ఉండదు. స్నేహం ఉంటుంది. సూర్యుడి శక్తిని తాగేసే సూక్ష్మజీవుల వల్ల భూమి చల్లబడిపోతుంటే, రైలాండ్ గ్రేస్ అనే సైన్సు మాస్టారు ఇంకో నక్షత్రం దగ్గర, ఓడలో, తన పేరు కూడా గుర్తులేకుండా నిద్ర లేస్తాడు. తోటివాళ్ళిద్దరూ దారిలోనే పోయారు. అక్కడికే, అదే పని మీద, మరో లోకం నుంచి ఒక ఇంజనీరు వచ్చి ఉంటాడు. ఐదు కాళ్ళు, కళ్ళు లేవు, ఒళ్ళు రాయి, మాట్లాడితే సంగీతం. మాస్టారు వాడికి రాకీ అని పేరు పెడతాడు. రాకీ బతికేది అమ్మోనియా గాలిలో, అదీ 210 డిగ్రీల వేడిలో. అందుకని ఇద్దరూ గోడకి చెరోపక్కా కూర్చుని స్నేహం చేస్తారు.

"ఏం తింటాడు?"

వాళ్ళ జాతిలో ఒకరెదుట ఒకరు తినరని చెప్పాను. పొట్ట తెరుచుకుని, లోపలున్న పాత సరుకు బయట పడేసి, కొత్తది పెట్టుకుని, ఆ వెంటనే నిద్రలోకి జారిపోతారు. కాబట్టి తిండి గుట్టుగా సాగాలి. నిద్రకి మాత్రం గుట్టు లేదు. పడుకున్నంతసేపూ పక్కన ఒకరు కూర్చుని చూస్తూ ఉండాలి. రాకీ నిద్రపోతుంటే మాస్టారు కాపలా, మాస్టారు నిద్రపోతుంటే రాకీ కాపలా.

అమ్మకి ఇందులో వింతేమీ కనపడలేదు. "దిష్టి తగలకుండా చాటుగా తింటున్నాడు, నిద్రలో ఉలిక్కిపడితే పక్కన మనిషుంటాడు. వాళ్ళమ్మ బాగానే పెంచింది" అంది. గురుత్వాకర్షణ కోసం ఓడని గిరగిరా తిప్పే లెక్క చెప్పబోతే, "అది నువ్వు చదువుకో. ఆ పిల్లాడు లేచాడా?" అంది. రాకీ వయసు 290 ఏళ్ళకు పైమాటే. అమ్మకి పిల్లాడే.

ఆ నవల చదవబోయేవాళ్ళు ఈ పేరా దాటెయ్యండి. చివర్లో మాస్టారు ఇంటికి పోయే అవకాశం వదులుకుని, రాకీని కాపాడి, వాళ్ళ గ్రహంలోనే ఉండిపోతాడు. అక్కడ మనిషి తినగలిగిందేదీ లేదు. చివరికి రాకీ జాతివాళ్ళు మాస్టారి కండలోంచే కణాలు తీసి, పెంచి, ఆ మాంసంతోనే ఆయనకి బర్గర్లు చేసి పెడతారు. ఇది చెప్పాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

"శిబి చక్రవర్తి పావురం కోసం తొడ కోసిచ్చాడు. వీడేంట్రా, తన తొడ తనే తింటాడా?"

"కోయలేదమ్మా. ల్యాబులో పెంచారు."

"ఎక్కడ పెంచితేనేం. అంత మేలు చేసినవాడికి పెట్టేది అదా?"

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినపడింది. "అత్తయ్యా, ఆ మాస్టారికి వంటెవరు చేస్తున్నారో సరే, ఈ ఇంట్లో ఎవరు చేస్తున్నారో కూడా ఓసారి మీ అబ్బాయినడగండి." ఆ రాత్రి గిన్నెలు నేనే తోమాను. గొప్ప సాహిత్యం జీవితం మీద ప్రభావం చూపుతుందంటే నేను ఒప్పుకుంటాను.

లియు సిషిన్ 'త్రీ-బాడీ ప్రాబ్లమ్'కి 2015లో హ్యూగో వచ్చింది. దాన్ని నేను నెత్తిన పెట్టుకున్నాను గానీ అమ్మ దగ్గర నిలవలేదు. మూడు సూర్యుళ్ళ మధ్య నలిగే ఆ గ్రహంలో ఎండలు ముదిరితే మనుషులు ఒంట్లో నీరంతా వదిలేసి చాపల్లా చుట్టుకుంటారు. మంచిరోజులొచ్చాక నీళ్ళలో వేస్తే మళ్ళీ లేస్తారు. "వంకాయ ఒరుగులు" అని తేల్చేసింది అమ్మ. భౌతికశాస్త్రం పునాదులు కదిలిపోయే చోట ఆవిడకి కునుకు పట్టింది.

రెబెకా యారోస్ 'ఫోర్త్ వింగ్' గురించి నాకు పెద్దగా గౌరవం లేదు. అయినా తెల్లవారేదాకా చదివాను. డ్రాగన్ల స్వారీ నేర్పే సైనిక కాలేజీ, దాని మధ్య ప్రేమ. ఆ వరసలో మూడోది 'ఆనిక్స్ స్టార్మ్' 2025 జనవరిలో వస్తే మొదటి వారంలోనే 27 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. కాలేజీలో చేరే రోజు పిల్లలంతా సన్నటి రాతి గోడ మీద నడిచి లోయ దాటాలి, జారినవాడు చచ్చినట్టే. అమ్మ ఆదుర్దాగా అడిగింది: "ఫీజు కట్టించుకునే ముందు నడిపిస్తారా, తర్వాతా?" ఇద్దరు మనవళ్ళని ఇంటర్ చదివించిన కుటుంబం మాది.

బ్రాండన్ శాండర్సన్ సంగతి వేరు. ఈయన రాసే వేగం చూస్తే ఈర్ష్య కాదు, అనుమానం వస్తుంది. కరోనా కాలంలో ఎవరికీ చెప్పకుండా అదనంగా నవలలు రాసి పెట్టుకుని, 2022లో నాలుగు రహస్య నవలలున్నాయి, కావాలా అని పాఠకుల్నే అడిగితే 4 కోట్ల 17 లక్షల డాలర్లు పోగయ్యాయి. 2024 డిసెంబరులో వచ్చిన 'విండ్ అండ్ ట్రూత్' 1300 పేజీలు దాటింది. గుండెల మీద పెట్టుకుని చదివితే మర్నాడు డాక్టరు దగ్గరికెళ్ళాలి. ఆయన మంత్రవిద్యకి ఉన్నన్ని నిబంధనలు ఆదాయప్పన్ను చట్టానికి లేవు. ఆ భాగాలు అమ్మకి చెప్పే ధైర్యం చేయలేదు. కానీ ఆ వరస నవలల్లో వంటవాడున్నాడు! రాక్ అని, కొండజాతి మనిషి. చావడానికే పంపే కూలీల దండుకి సాయంత్రం పూట కుండెడు స్టూ కాచి పోస్తాడు. ఆ కుండ చుట్టూ కూర్చునే వాళ్ళు ఒకరికొకరు మనుషులవుతారు. నన్నడిగితే ఆ వేల పేజీల్లో యుద్ధాలన్నీ తీసేసినా కథ నిలబడుతుంది, ఆ కుండ తీసేస్తే నిలబడదు.

పైగా ఆ రాజ్యంలో మగవాళ్ళకి కారం వంటలు, ఆడవాళ్ళకి తీపి వంటలు. అమ్మ లేచి కూర్చుంది. "అంటే మొగుడిది గుంటూరు, పెళ్ళానిది గోదావరి. రెండు పొయ్యిలు వెలిగించాలన్నమాట. పాపం ఆ ఇంటి వంటమనిషి."

జార్జ్ మార్టిన్ పేరెత్తకూడదని మా ఇంట్లో ఒప్పందం. 1996లో మొదలైన కథ, 2011లో ఐదో పుస్తకం దగ్గర ఆగింది. ఆరోది ఇదిగో అదిగో అంటూనే ఉన్నారు. తిండి వర్ణనలో ఆయన్ని మించినవాడు లేడు, ఆ వంటల మీద వంటల పుస్తకమే వచ్చింది. కుర్రరాజు జాఫ్రీ పెళ్ళిలో 77 రకాలు వడ్డిస్తారు. ఆ విందులోనే వాడికి విషం పడుతుంది. "భోజనాలయ్యాక పోయాడా, మధ్యలోనా?" అంది అమ్మ. మధ్యలోనే అన్నాను. "మరి మిగిలినవన్నీ ఏం చేశారు?" ఈ ప్రశ్నకు జవాబు ఐదు పుస్తకాల్లోనూ లేదు.

ఆవిడకి అసలు కోపం మాత్రం 'సశేషం' మీద. చందమామలో సశేషం అంటే వచ్చే నెల. పదేళ్ళు దాటిన సశేషాన్ని ఆవిడ ఒప్పుకోదు. టీవీలో కథ 2019లోనే ముగిసిందంటే, "వాళ్ళు చెప్పింది లెక్కలోకి రాదు, ఆ కథలో పొట్టివాడేమయ్యాడో రాసినాయన చెప్పాలి" అంటుంది. ఒకసారి ఆయన వయసడిగింది. 1948లో పుట్టాడన్నాను. "నాకన్నా పెద్దవాడు. తొందరపడమను."

రాబర్ట్ జోర్డాన్ 2007లో 'వీల్ ఆఫ్ టైమ్' మధ్యలోనే పోతే, మిగిలింది ఇందాకటి శాండర్సనే పూర్తి చేశాడని చెప్పాను. అమ్మకి ఇదీ కొత్త కాదు. నన్నయ అరణ్యపర్వంలో ఆగిపోతే తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు, నడుమ మిగిలిన అరణ్యం ఎర్రన పూరించాడు. మార్టిన్ కథ ఎన్ని అడవుల్లో చిక్కుకుందో చూస్తే ఒక్క తిక్కన సరిపోడు, ఇద్దరు ఎర్రనలు కావాలి.

నా మటుకు ఈ కాలపు ఫాంటసీల్లో తలమానికం సుజానా క్లార్క్ 'పిరనేసీ'. మొదటి నవల 2004లో దిండంత రాసి, జబ్బుపడి, 16 ఏళ్ళ తర్వాత పలచటి పుస్తకం ఇచ్చింది. 2021లో విమెన్స్ ప్రైజ్ అందుకుంది. అంతులేని ఒక ఇల్లు. గదుల నిండా శిల్పాలు, కింది అంతస్తులో సముద్రం, పై అంతస్తులో మబ్బులు. ఆ ఇంట్లో ఒకడు వల బాగుచేసుకుంటూ, చేపలు పట్టుకుంటూ, సముద్రపు నాచుని ఎండబెట్టి పొయ్యిలో పెట్టుకుంటూ బతుకుతాడు. సంవత్సరాలకి అంకెలుండవు, నైరుతి గదుల్లోకి ఆల్బట్రాస్ పక్షి వచ్చిన ఏడు, అలా. అమ్మ లెక్క కూడా అంతే. నేను పుట్టింది వరద ఏడు, చెల్లి పెళ్ళి తుఫాను మరుసటి ఏడు. ఆ ఇంట్లో పదముగ్గురి ఎముకలుంటాయి. వాళ్ళెవరో తెలియకపోయినా వాడు వాళ్ళకి తిండీ నీళ్ళూ కలువపూలూ పెట్టి వస్తాడు. "పెద్దలకి పెట్టుకుంటున్నాడు" అంది అమ్మ. ఆ నవల మీద నేను చదివిన సమీక్షలన్నిటిలో నాకు నచ్చింది ఇదే.

2024లో బుకర్ గెలిచిన 'ఆర్బిటల్' సైన్స్ ఫిక్షనా కాదా అని పండితులు కొట్టుకున్నారు. ఆరుగురు వ్యోమగాములు ఒక్క రోజులో భూమిని 16 సార్లు చుట్టే కథ. 16 సార్లు తెల్లవారితే కాఫీ ఎన్నిసార్లు పెట్టాలన్న దగ్గర మొదలుపెట్టింది అమ్మ. వాళ్ళలో ఒకమ్మాయికి కింద జపానులో తల్లి పోయిందని కబురొస్తుంది. దిగి వెళ్ళే వీల్లేదు. "నీళ్ళు కిందకి పడవన్నావు కదా. మరి తలమీద నీళ్ళెలా పోసుకుంటుంది?" నా దగ్గర జవాబు లేదు. తడిగుడ్డతో తుడుచుకుంటారని మాత్రం చెప్పాను.

ఇక మార్తా వెల్స్ రాసిన మర్డర్‌బాట్. ఈ వరసలో మొదటిది 2017లో వచ్చిన 'ఆల్ సిస్టమ్స్ రెడ్'. సగం యంత్రం, సగం మనిషి, కంపెనీవాళ్ళు అద్దెకిచ్చే కాపలాదారు. తనని అదుపులో పెట్టే పరికరాన్ని తనే చెడగొట్టుకుని స్వేచ్ఛ పొందుతుంది. కనపడినవాణ్ణల్లా చంపొచ్చు. కానీ సీరియళ్ళు దొరుకుతాయి, దాదాపు 35 వేల గంటలు చూస్తుంది. తిండి తినదు, పొట్టే లేదు. ఈ మాట చెప్పి ప్రశ్న కోసం ఎదురుచూశాను. అమ్మ వంట సంగతి ఎత్తనే లేదు.

"ఏం సీరియలు?"

దానికి బాగా ఇష్టమైనది 'శాంక్చువరీ మూన్' అని చెప్పాను. అందులో ఒక కాలనీ, ఆ కాలనీకో లాయరమ్మ, హత్యలు. నవలలో ఆ సీరియల్ గురించి అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క తప్ప లేదు. అమ్మకి మర్డర్‌బాట్ ఎవర్ని కాపాడిందో అక్కర్లేదు, లాయరమ్మ కథ కావాలి. పుస్తకంలో లేదంటే వినదు. "నువ్వు చదవకుండా పేజీలు తిప్పేసి ఉంటావు" అంటుంది. దాంతో రోజూ రాత్రి ఒక ఎపిసోడ్ నేనే కల్పించి చెబుతున్నాను. లాయరమ్మకి అత్తగారిని పెట్టాను, మరిదిని పెట్టాను, పోయినవారం కథని ఎక్కడికి తీసుకెళ్ళాలో తోచక లాయరమ్మని అంతరిక్ష నౌకలోంచి తోసేశాను. నిన్న మళ్ళీ కోర్టులో వాదింపజేశాను.

"మొన్న చచ్చిపోయిందన్నావుగా?"

"అది కవల చెల్లెలమ్మా."

"అనుకున్నా" అంది.