తెరిచిన తలుపులు, మూసిన గల్లాపెట్టెలు

ఓపెన్ ఇన్నోవేషన్! వింటేనే ఒళ్లు పులకరించడం లేదూ? 2003లో హెన్రీ చెస్‌బ్రో అనే అమెరికా ప్రొఫెసరు ఈ పేరుతో పుస్తకం రాశాడు. తెలివంతా మన ఫ్యాక్టరీ గోడల మధ్యే ఉండదు, బయటి ఆలోచన లోపలికి రానివ్వు, నీ ఆలోచన బయటికి పోనివ్వు, ఇద్దరూ బాగుపడండి అన్నాడు. తప్పేముంది? ఏమీ లేదు. కాకపోతే ఆయన చెప్పిన కథలు ఎక్కువగా పెద్ద కంపెనీలవి. వాళ్లకు లాయర్లుంటారు, పేటెంట్లుంటాయి. ఆదోని జిన్నింగ్ ఫ్యాక్టరీ యజమానికి ఏముంటాయి? కరెంటు బిల్లుంటుంది. బ్యాంకు నోటీసుంటుంది. ఎమ్మిగనూరు నేతన్నకు? మగ్గం ఉంటుంది, మాస్టర్ వీవర్ దగ్గర పాత బాకీ ఉంటుంది.

అయినా సదస్సులు ఆగవు. చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు ఇన్నోవేషన్ ‘మేనేజ్’ చేయడం నేర్పాలట! ఆ తంతు మీకు తెలియనిదా? పదింటికని పిలుస్తారు, పన్నెండుకు మొదలెడతారు. జ్యోతి ప్రజ్వలన. శాలువాలు. చేనేత ఊళ్లో కప్పిన ఆ శాలువా ఏ రాష్ట్రపు పవర్‌లూమ్ మీద పుట్టిందో మాత్రం అడక్కండి. తెర మీద బాణాలు, గుండ్రాలు, మాటకో ‘ఎకోసిస్టమ్’. వెనక వరుసలో నూనె మిల్లు పెద్దాయన చెయ్యెత్తుతాడు. “సార్, పోయినేడు పంపిన సరుకు డబ్బులు ఇంకా రాలేదు. దానికేమన్నా ఇన్నోవేషన్ ఉందా?” మంచి ప్రశ్న, భోజనాల తర్వాత మాట్లాడుకుందాం అంటాడు సారు. భోజనాల తర్వాత సారు ఉండడు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి చూడండి. ఆదోనికి రెండో బొంబాయి అని పేరు. రాష్ట్రంలో పత్తి మార్కెట్టంటే ముందు గుర్తొచ్చేది ఆదోనే. అక్కణ్నుంచి ఎమ్మిగనూరు ముప్పై కిలోమీటర్ల దూరం. అక్కడ 1938లోనే మాచాని సోమప్ప నేతగాళ్లను కూడగట్టి సహకార సంఘం పెట్టాడు. తర్వాత పద్మశ్రీ అందుకున్నాడు. ఒక ఊళ్లో పత్తి, పక్క ఊళ్లో మగ్గం. మధ్యలో ఉండాల్సింది ఏమిటి? నూలు. అదే లేదు! ఆదోని పత్తి 170 కిలోల బేళ్లుగా బిగుసుకుని లారీలెక్కి పొరుగు రాష్ట్రాల మిల్లులకు పోతుంది. నూలేమో ఎక్కడెక్కడి నుంచో వస్తుంది. దారి పొడవునా కమీషన్లు, కిరాయిలు. ముప్పై కిలోమీటర్లు కలపలేనివాళ్లు మనల్ని ప్రపంచంతో కలుపుతారట. నమ్మేద్దామా?

దారి లేక కాదు. హైదరాబాద్ కేంద్రంగా ఉజ్రమ్మ బృందం ‘మల్ఖా’ పేరుతో చేసి చూపింది. బేలు కట్టి పత్తి ప్రాణం తీయడమెందుకు? పత్తి పండే చోటికి దగ్గర్లోనే చిన్న యూనిట్‌లో వడికి, దగ్గరి మగ్గాలకే ఇస్తే పోదా? దీనికి ఆదోని, ఎమ్మిగనూరుల కన్నా అనువైన జంట ఊళ్లు ఎక్కడున్నాయి? ఏ అధికారి అయినా ఒక్క పూట కూర్చుని లెక్క కట్టాడా? కట్టడు. అందులో రిబ్బన్ ఉండదు. ఇంకోవైపు, చేతిమగ్గాలకు చిలపల నూలు ఇంత తీసి తీరాలని మిల్లులకు పెట్టిన నిబంధనను 50 శాతం నుంచి 40కి, 2019లో 30కి దించేశారు. ఈ దించుడుకు సదస్సు లేదు, శాలువా లేదు. గప్‌చుప్‌గా అయిపోయింది.

మార్కెట్ యార్డుకు వెళదాం. పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ చెల్లించే మద్దతు ధర 2025–26లో పొడవు పింజ పత్తికి క్వింటాకు 8,110 రూపాయలు. బోర్డు మీద అంకె భలే మెరుస్తుంది. కొనే మనిషి తేమ మీటరు కుప్పలోకి గుచ్చుతాడు. రైతు కళ్లు పత్తి మీద ఉండవు, ఆ చిన్న తెర మీద ఉంటాయి. తేమ ఎనిమిది శాతం లోపైతే పూర్తి ధర. పన్నెండు లోపైతే కోత. పదమూడు చూపిందా? ఇంటికి పో. రాత్రి వాన కురిసింది దేవుడి తప్పు, తడిసింది రైతు తప్పు. ఆరబెట్టుకోవడానికి గట్టి కళ్లం, కప్పుకోవడానికి షెడ్డు లేకపోవడం ఎవరి తప్పు? ఆ సీజన్లోనే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో పేరుంటేనే కొంటామన్నారు. అదే ఏడాది ఆగస్టు 19 నుంచి విదేశీ పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేసి, డిసెంబరు చివరిదాకా లాగారు. రైతుకు యాప్, విదేశీ బేలుకు బాట. తలుపులు తెరవడమంటే ఇదేనా సామీ?

డిజైన్ల విషయంలో మాత్రం మనవాళ్లు ఎప్పుడో ప్రపంచాన్ని మించిపోయారు. నేతగాడు రాత్రులు మేలుకుని కొత్త అంచు కడతాడు. చీర అంగడికెక్కిన కొన్నాళ్లకే అదే అంచు పవర్‌లూమ్ మీద దిగుతుంది. సగం ధరకు. అడగలేదు, ఇవ్వలేదు, పైసా రాలేదు. ఇంతకన్నా ఓపెన్‌గా ఎవరుంటారు? పవర్‌లూమ్ దెబ్బ నుంచి చేతిమగ్గాన్ని కాపాడడానికే 1985లో చట్టం చేశారు. 22 రకాలు చేతిమగ్గానికే అన్నారు. తర్వాత వాటిని పదకొండు చేశారు. ఆ పదకొండింటికైనా కాపలా ఎవరు కాస్తున్నారు? గాలి.

కొత్తది కనిపెట్టడం మనకు చేతకాదా? ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేశాడు. చీరకు వేలసార్లు చెయ్యి ఆడించి ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక, అప్పులు చేసి, నవ్వులపాలై, 1999లో ఆసు యంత్రం నిలబెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. బాగుంది. ఆ మధ్య ఏళ్లలో ఈ ‘ఎకోసిస్టమ్’ సార్లంతా ఎక్కడికి పోయారు? అవార్డు ఫొటోలోకి దూరడానికి మాత్రం అందరూ తయారు!

ఇప్పుడు కొత్త పాట. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరిచారు. విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురంలలో కొమ్మలు. కుటుంబానికో పారిశ్రామికవేత్త అన్నారు. సంతోషం. ముందు ఇంట్లో మనిషుండాలి కదప్పా! ఆదోని పక్కనే ఉన్న కోసిగి, కౌతాళం వైపు వెళ్లి చూడండి. సుగ్గికని గుంటూరు మిరప చేలకు వలస పోయిన ఇళ్లకు తాళాలు వేలాడుతుంటాయి. పిల్లలూ వెంటే పోతారు. ఆ తాళానికి మెంటారింగ్ ఇస్తారా?

అసలు రోగం దగ్గరికొద్దాం. 2006 చట్టం ప్రకారం చిన్న పరిశ్రమ సరుకు తీసుకున్నవాడు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. కాగితం మీద సింహమే. ఫిర్యాదుకు 2017లో ‘సమాధాన్’ పోర్టల్ పెట్టారు. ఎక్కించి చూడండి. మరుసటి ఆర్డరు మీకు వస్తుందా? కొనేవాడు ఒక్కడు, అమ్మేవాళ్లు వందమంది ఉన్నచోట ఫిర్యాదు చేయడానికి గుండె కావాలి. పోనీ ప్రైవేటువాళ్లు దుర్మార్గులనుకుందాం. ప్రభుత్వ అజమాయిషీలోని చేనేత సహకార సంస్థ ఆప్కో దగ్గర చేనేత సంఘాల బకాయిలు ఏ పార్టీ వచ్చినా పత్రికల్లో పాత వార్తేగా? చేతిలో డబ్బు ఆడనివాడు కొత్త ప్రయోగం దేంతో చేస్తాడు? బాకీ చీటీలతోనా?

తెరవడం మీద అంత మోజుంటే ముందు బకాయిల రిజిస్టరు తెరవండి. ఏ సంస్థ, ఏ సంఘానికి, ఏ మిల్లుకు, ఎంత ఇవ్వాలి, ఎన్ని రోజులైంది? జాబితా రాసి ఆదోని యార్డు గేటు మీద ఒకటి, ఎమ్మిగనూరు బస్టాండు గోడ మీద ఒకటి అంటించండి. నెలకోసారి మార్చండి. దీనికి కన్సల్టెంటు అక్కర్లేదు. గుప్పెడు మైదా ఉడకేస్తే జిగురు తయారు. ఆ మైదా ఖర్చు మేమే పెట్టుకుంటాం.