అడుక్కి అంగుళం

బొమ్మరిళ్ళు కట్టేవాళ్ళ లోకంలో చెల్లే శాసనం ఒకటే: అడుక్కి అంగుళం. అసలింట్లో తలుపు ఆరడుగులుంటే బొమ్మరింట్లో ఆరంగుళాలు. ఇంతకంటే చిన్న కొలతలు పెట్టుకున్న శాఖలవాళ్ళూ ఉన్నారు గానీ, ఎక్కువమంది ఈ పన్నెండో వంతు సంప్రదాయం వాళ్ళే. ఈ లెక్క ఒకసారి తలకెక్కితే ఇక దిగదు. నాకు ఎక్కి చాలాకాలమైంది. ఇప్పుడు కిరాణా కొట్టుకి వెళ్తే నా కంటికి సరుకులు ఆనవు. గసగసాలు చూస్తే శనగలు కనిపిస్తాయి. ఆవగింజ ఉసిరికాయ, మిరియపు గింజ బత్తాయి. కుట్టుదారం నూతి చేంతాడు. బియ్యపుగింజకి రెండు కొసలూ కాస్త అరగదీసి, ఆకుపచ్చ రంగు పూసి, పైన సన్నటి తెల్లచారలు లాగితే సాక్షాత్తూ దొండకాయ. ఓ రోజు మధ్యాహ్నమంతా కూర్చుని బుట్టెడు దొండకాయలు చేశాను. బుట్ట కూడా నేనే అల్లాను, మందు సీసా మూతలో పడుతుంది. మావారు బయటినించి వచ్చి, "ఇవాళేం చేశావోయ్?" అని అడిగారు. "దొండకాయలు" అన్నాను. పాపం, సంబరంగా కాళ్ళు కడుక్కుని వచ్చి కంచం ముందు కూర్చున్నారు.

నేను కడుతున్నది మా పుట్టింటి మండువా లోగిలి. గోదావరి పాయ పక్కన, వీధి వైపు రెండు అరుగులు, మధ్యలో ఆకాశం కనబడే మండువా, చుట్టూ నాలుగు వసారాలు, వెనక పెరట్లో నుయ్యి. ఇప్పుడా ఇల్లు లేదు. తాతయ్య పోయాక నాన్నగారూ, బాబాయిలూ వాటాలేసుకున్నారు, తర్వాత అందరూ కలిసి అమ్మేశారు. ఆ స్థలంలో ఏసీ కల్యాణమండపం లేచింది. ఫొటోలున్నాయి గానీ వాటి నిండా పెళ్ళివాళ్ళే, ఇల్లు వాళ్ళ వెనకాల నక్కి ఉంటుంది. అసలు ప్లాను భద్రంగా ఉన్నది మా మేనత్త తలకాయలో. ఆవిడకి ఎనభై దాటాయి. పొద్దున్న మాత్ర వేసుకుందో లేదో గుర్తుండదు గానీ, పడమటింటి కిటికీకి ఊచలెన్నో మాత్రం గుర్తే.

మావారు ఇరిగేషన్‌లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. నేను బాల్సా చెక్క కొనుక్కొచ్చిన రోజున, "ఎస్టిమేట్ ఏదీ? ఎస్టిమేట్ లేకుండా పని మొదలుపెడితే ఆడిట్‌లో దొరికిపోతావ్" అన్నారు. ఆయన నోరు మూయించడానికి ఆమ్‌స్టర్‌డాం నించి ఒక సాక్షిని పిలిచాను. పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ అని ఒకావిడ, 1686 నించి 1710 దాకా ఇంచుమించు పాతికేళ్ళు ఒకే ఒక్క బొమ్మరింటిని సింగారిస్తూ కూర్చుంది. ఇరవై ముప్ఫై వేల గిల్డర్లు పోసిందట. ఆ డబ్బుకి అప్పట్లో కాలవ గట్టున అసలిల్లే వచ్చేది. బుల్లి పింగాణీ సామాను చైనా నించి తెప్పించుకుంది. ఆ బొమ్మరిల్లు ఇప్పటికీ రైక్స్ మ్యూజియంలో ఉంది. మావారు శ్రద్ధగా విని, "ఆవిడ మొగుడేం చేసేవాడు?" అన్నారు.

"పట్టు వ్యాపారం."

"నాది పెన్షనోయ్" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు.

అందుకని చైనా జోలికి పోలేదు. గోడలకి సున్నం కిళ్ళీకొట్టులో కొన్నాను. తాంబూలంలోకి వాడే ఆ సున్నాన్ని పల్చగా కలిపి పూస్తే, ఏ పెయింటూ ఇవ్వని పాతింటి తెలుపు వస్తుంది. కొట్టతను మాత్రం, ఆకూ వక్కా అడక్కుండా వట్టి సున్నం డబ్బాలు పట్టుకుపోయే నన్ను చూసి ఏమనుకున్నాడో ఇంతవరకూ బయటపడలేదు. స్తంభాలకీ, దూలాలకీ టేకు రంగు కాఫీ డికాషన్‌తో వేశాను. ఫిల్టర్లో మొదటిసారి దిగింది స్తంభాలకి, రెండోసారి దిగింది వాసాలకీ, పెండెలకీ, ఆ తర్వాత మిగిలింది మావారికి. ఏటికొప్పాక లక్కపిడతల సెట్టులో బుల్లి బిందె ఒకటి దొరికింది. ఎత్తు అంగుళం పైచిలుకు. అంటే మా లెక్కలో అడుగు పైచిలుకు, సరిగ్గా నీళ్ళ బిందె. అంకుడు కర్ర మీద లక్క పూసిన ఆ పనితనం ముందు నా దొండకాయలు వెలవెలబోయాయి. కొండపల్లి బొమ్మలు కూడా తెచ్చి చూశాను గానీ, వాటిలో చిన్నవాళ్ళు సైతం మా దూలానికి తల తగిలించుకున్నారు. వాళ్ళని మర్యాదగా బొమ్మల కొలువు పెట్టెలోకి తిప్పి పంపాను.

పెంకుల కథ వేరు. మాది కుమ్మరి పెంకుల కప్పు. కాగితపు స్ట్రాలు నిలువునా చీల్చి, ముక్కలు కోసి, జాజురంగు పూసి, ఒక వరస వెల్లకిలా, దాని మీద ఇంకో వరస బోర్లా పేర్చుకుంటూ పోవాలి. ఎన్ని పేర్చినా కప్పు ఇంకా బోసిగానే ఉంటుంది. పెళ్ళిళ్ళలో కూల్‌డ్రింకులు తాగేవాళ్ళ పక్కన నించుని, "అయిపోయిందాండీ? ఆ స్ట్రా ఇలా ఇచ్చేస్తారా?" అని అడగడం మొదలుపెట్టాక, మావారు నాతో పెళ్ళిళ్ళకి రావడం మానేశారు.

కప్పు పూర్తయ్యేసరికి చూస్తే అది మా ఇల్లు కాదు, రిసార్టు. పెంకులు తళతళలాడిపోతున్నాయి. ఇక పాతబరిచే కార్యక్రమం. కొత్తిల్లు కట్టేవాళ్ళు ఏయే దరిద్రాలు రాకూడదని మొక్కుకుంటారో అవన్నీ ఇక్కడ చేతులారా తెచ్చిపెట్టుకోవాలి. వాన పడే పక్క పెంకుల మీద పాచి, దూలాల కింద పొగచూరు, అరుగు అంచున పెచ్చులు. మా స్నానాలగది గోడకి చెమ్మ వదిలించమని పెయింటర్‌కి డబ్బిచ్చిన వారంలోనే, బొమ్మరింటి పెరటిగోడకి చెమ్మ పట్టించడానికి నేను సన్నకుంచె పట్టుకుని రెండుపూటలు కూర్చున్నాను. పెయింటర్ అటుగా వెళ్తూ ఆగి చూశాడు. "చాలా సహజంగా వచ్చిందమ్మా" అని మెచ్చుకున్నాడు. స్నానాలగదిలో చెమ్మ కూడా అంతే సహజంగా తిరిగొచ్చింది.

చెక్కని ఎంత కావాలంటే అంత చిన్నది చెయ్యొచ్చు. గుడ్డని చెయ్యలేం, అక్కడే ఉంది ఈ విద్యలో పితలాటకం. పొడవూ వెడల్పూ ఎత్తూ తలా పన్నెండో వంతుకి దిగితే బరువు 1,728వ వంతుకి పడిపోతుంది. అరవై కిలోల పట్టెమంచం ముప్ఫై అయిదు గ్రాములైపోతుంది. ఫ్యాను అయిదులో పెడితే తాతయ్య పడకకుర్చీ వీధి అరుగు మీదికి బయల్దేరుతుంది. దుప్పటి పరిస్తే, కిందికి జారడానికి దానికి బరువేదీ? నాలుగు కొసలూ గాల్లోకి లేచి అప్పడంలా నించుంటుంది. దీనికో ఉపాయం ఉంది. బాగా నలిగిన పాత మల్లుగుడ్డ తీసుకుని, నీళ్ళలో కలిపిన ఫెవికాల్‌లో ముంచి, మడతమడతకీ గుండుసూది గుచ్చి, ఆరనిచ్చి సూదులు పీకెయ్యాలి. దండెం మీద తాతయ్య పంచె అలాగే ఆరేశాను. చూసినవాళ్ళంతా గాలికి ఊగుతున్నట్టే ఉందంటారు. గోటితో కొడితే టక్కుమంటుంది.

నీళ్ళు గుడ్డ కంటే మొండివి. మండువాలో పడ్డ వాననీళ్ళు బయటికి పోవడానికి తూము ఉండాలి కదా, రెండు మిల్లీమీటర్ల కన్నం పెట్టాను. తూము అనే మాట చెవిన పడగానే మావారు పేపరు దించారు. ఉద్యోగం మొత్తం కాలవల మీద, తూముల మీద గడిపిన మనిషి. "ట్రయల్ చెయ్యకుండా తూము పాస్ చెయ్యకూడదు" అని తనే ఇంకు ఫిల్లరుతో నీళ్ళు తెచ్చి పోశారు. చుక్క పడింది. బొమ్మరింటి కొలతలో అది రెండంగుళాల నీటిముద్ద. ముద్ద మీద ముద్ద పడి మండువా నిండింది గానీ తూములోంచి చుక్క దిగలేదు. అంత సన్న కన్నంలో నీటి తలతన్యతే బిరడా అయి కూర్చుంటుంది. వరదకాలంలో అర్ధరాత్రి లాకులెత్తించిన మనిషి, పావంగుళం నీళ్ళ ముందు పంచె ఎగ్గట్టుకుని నించున్నారు.

అప్పుడు నేను విండ్సర్ కోట సంగతి చెప్పకుండా ఉండాల్సింది. కానీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇంగ్లండులో మేరీ రాణి కోసం 1921–24 మధ్య కట్టిన బొమ్మరింట్లో కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళూ చన్నీళ్ళూ వస్తాయి. మరుగుదొడ్లో ఫ్లష్ పనిచేస్తుంది, లిఫ్టులు కదుల్తాయి, సీసాల్లో ఉన్నది అసలు వైను. దాని బుల్లి గ్రంథాలయం కోసం కానన్ డాయిల్ ఒక బుల్లి షెర్లాక్ హోమ్స్ కథ రాసిచ్చాడు. ఇదంతా గీసింది సర్ ఎడ్విన్ లుట్యెన్స్, ఇటు న్యూఢిల్లీలో వైస్రాయి భవనం కట్టిస్తున్న రోజుల్లోనే. "ఢిల్లీ కడుతూ కూడా బొమ్మరింట్లోకి నీళ్ళు తెచ్చాడండీ ఆయన" అన్నాను.

"ఆయనకి కాంట్రాక్టర్లున్నారు" అని విసురుగా లోపలికెళ్ళి, నా కుట్టుపెట్టెలోంచి నూలుపోగు పట్టుకొచ్చి, తూములోకి ఎక్కించి కిందికి వేలాడదీశారు. పోగు తడిసి నీళ్ళు దాని వెంట దిగాయి. ఆ పూట ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళకి మండువా చూపించలేదాయన, తూము చూపించారు.

మేనత్తతో ఫోన్లు రోజూ నడుస్తూనే ఉండేవి.

"గడప ఎంతెత్తు పెట్టావే?"

"అరంగుళం అత్తయ్యా."

"అరంగుళమా! మా ఇంటి గడప దాటలేక కొత్తకోడళ్ళు బోర్లాపడేవాళ్ళే!"

"అత్తయ్యా, ఇక్కడ అంగుళమంటే అడుగు."

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా. అయితే ముప్పాతిక చెయ్యి."

చేశాను. లెక్క అర్థమయ్యాక ఆవిణ్ణి పట్టడం ఎవరి వల్లా కాలేదు. ఉట్టి ఒక నూలువాసి కిందికి దించమంది, పిల్లి అందుకోకూడదు, తను మాత్రం అందుకోవాలట. భోషాణం పెట్టె మూత తెరుచుకోవాల్సిందే. తెరుచుకుంటే సరిపోదు, కిర్రుమనాలి. గడపకి పసుపు రాసి బొట్లు పెట్టేదాకా వీడియో కాల్ కట్ చెయ్యనివ్వలేదు.

ఓ రాత్రి వసారాలో బల్లి చొరబడింది. గోడ మీద పాకితే బల్లే, మా మండువాలో నించుంటే నాలుగడుగుల ఉడుము. అది దొండకాయల బుట్టని తోకతో తన్నేసి, పట్టెమంచం ఎక్కి, దేవుడిగది వైపు చూస్తుంటే మావారు ఫొటో తీసి, "హత్య జరిగినా జరుగుతుంది, పోలీసులకి పనికొస్తుంది" అన్నారు. ఆయన వేళాకోళానికే అన్నా, ఆ పని జరిగింది కూడా. 1940లలో అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే సంపన్నురాలు హత్యాస్థలాలనే బొమ్మరిళ్ళుగా కట్టింది, అడుక్కి అంగుళం చొప్పునే. డిటెక్టివులు వాటిని చూసి ఆధారాలు వెతకడం నేర్చుకునేవాళ్ళు. శవాల కాళ్ళకి మేజోళ్ళు కూడా ఆవిడే గుండుసూదులతో అల్లింది. ఇది అత్తయ్యకి చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆవిడకి పెద్దవాళ్ళు లేరటే, చెప్పేవాళ్ళు?" అంది. ఆ మర్నాడే గుమ్మానికి తోరణం కట్టించింది. మావిడాకు పన్నెండో వంతంటే లేత కరివేపాకు. సాయంత్రానికి వాడిపోయింది, అసలు తోరణం లాగే రోజూ మార్చాలి.

ఇల్లు మా భోజనాల బల్ల మీద ఉంది. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు. కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాం. వచ్చినవాళ్ళందరూ ముందు అడిగేది, "అయిపోయిందా?" అని. అయిపోవడమంటే ఏమిటో నాకు తెలీదు. దీపాలు పెడితే లాంతరు గ్లాసుకి మసి లేదనిపిస్తుంది, మసి పెడితే తుడిచే గుడ్డ లేదనిపిస్తుంది. పక్కింటాయన రియల్ ఎస్టేట్ మనిషి. చుట్టూ తిరిగి చూసి, "గజమ్మీద మూడోవంతు వస్తుందమ్మా. ఈ ఏరియాలో ఇండిపెండెంట్ హౌసు ఇప్పుడు దొరకదు" అని మెచ్చుకున్నాడు. వీధిపోటు మాత్రం ఉందన్నాడు. మా వంటింటి గుమ్మం ఎదురుగా ఉంది కదా.

గృహప్రవేశం ఫొటోలు చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. దండాలు, చప్పట్లు, కళ్ళనీళ్ళ బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. రాత్రి పదింటికి చిన్నబాబాయి దగ్గర్నించి వచ్చింది: "చాలా బాగుందమ్మా. పడమటింటి గోడ మాత్రం అరంగుళం మా వాటాలోకి జరిగింది. చూసుకో."

అత్తయ్యకి మెసేజ్ టైపు చెయ్యడం రాదు, వాయిస్ పెట్టింది. "ఒరే, ఆ గోడ నాన్న కట్టించినప్పటినించీ అక్కడే ఉందిరా. అప్పుడు నువ్వు పుట్టలేదు."

"పుట్టలేదు గానీ పంపకాలనాడు ఉన్నానక్కయ్యా. అరంగుళమంటే అర అడుగు. పొడుగూతా అర అడుగంటే మాటలా?"

డాలస్‌లో ఉన్న బాబాయి కొడుకు పంపకాల దస్తావేజు స్కాన్ చేసి, నాలుగో పేజీకి ఎర్రగీత పెట్టి గ్రూపులో పడేశాడు. నడిమి బాబాయి తరఫునించి, నుయ్యి ఉమ్మడిదనీ, తమని అడక్కుండా గిలక ఎలా బిగించారనీ ఒక ప్రశ్న దిగింది. గాదె ఎవరిదో తేలకుండా ఇల్లు అమ్మేశారని మాకందరికీ అప్పుడే తెలిసింది. కల్యాణమండపం సంగతి ఎవరూ ఎత్తలేదు. మావారు తనకి ఏ పక్షమూ లేదని ప్రకటించి, దస్తావేజు ప్రింటు తీయించి, స్టీలు స్కేలూ భూతద్దం పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి గుండుసూదికి దారం కట్టి మేస్త్రీల తూకపు గుండు తయారుచేశారు. ఇంత హుషారుగా ఆయన్ని రిటైరైన తర్వాత చూళ్ళేదు.

ఆదివారం బాబాయి స్వయంగా వస్తున్నాడు, పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని. ఎంతమందో ముందే చెప్పమన్నాను. కుర్చీలు చెయ్యాలి.