కవచ్ ఉంది, తొడగడమే ఆలస్యం

2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య ఒకే లైను మీద రెండు ఇంజన్లు పెట్టారు. ఒకదాంట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, రెండోదాంట్లో రైల్వే బోర్డు చైర్మన్. ‘కవచ్’ అనే ప్రమాద నివారణ యంత్రం తనంతట తానే బ్రేకేసి, ముందున్న ఇంజన్ ఇంకా 380 మీటర్ల దూరంలో ఉందనగానే మంత్రిగారి ఇంజన్‌ను ఆపేసింది. వెనక నుంచి గుద్దుకునే ప్రమాదం ఇక లేనట్టే అనుకున్నాం, చప్పట్లు కొట్టాం.

కవచ్ గుట్టంతా రేడియోలోనే ఉంది. స్టేషన్ దగ్గర టవరు, ఇంజన్ నెత్తిన యాంటెన్నా, పట్టాల మధ్య స్లీపర్లకు ఆర్ఎఫ్ఐడీ బిళ్లలు. బిళ్లను చదివి తానెక్కడుందో ఇంజన్ చెబుతుంది. ముందు ఎర్ర సిగ్నల్ ఉందని టవరు చెబుతుంది. లోకో పైలట్ కునుకు తీసినా, పరధ్యానంలో పడినా బ్రేకు పడుతుంది. మనిషన్నాక తప్పు చేస్తాడు అన్న నమ్మకం మీదే కట్టిన యంత్రమిది. నిజంగా మంచి యంత్రం. కాకపోతే టవరు లేని దారిలో ఇంజన్ ఎవరితో మాట్లాడాలి?

ఆ ఏడాది బడ్జెట్‌లో 2,000 కిలోమీటర్లకు కవచ్ అన్నారు. ఏడాది చివర్లో చూస్తే అప్పటిదాకా వేసిందంతా కలిపి 1,455, అదీ దక్షిణ మధ్య రైల్వేలోనే. 2024 మధ్యలో మళ్లీ లెక్క అడిగితే 1,465. ఏడాదిన్నరకు పది కిలోమీటర్లు! నత్తకు ఈ లెక్క చూపిస్తే కాలరెగరేస్తుంది. దేశంలో ఉన్న రైలుమార్గమేమో 68 వేల కిలోమీటర్ల పైచిలుకు. తర్వాత 2025లో మథుర–కోట మధ్య వచ్చింది, కాదనను.

ఈలోగా 2023 అక్టోబర్ 29 సాయంత్రం విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దింది. 14 మంది పోయారు. అక్కడ కవచ్ లేదు. కారణం అప్పటికే సిద్ధంగా ఉంది: మానవ తప్పిదం. నాలుగైదు నెలలకు మంత్రిగారు ఇంకాస్త వివరం జోడించారు, డ్రైవర్లు ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నారని.

చూశారో లేదో పక్కనపెడదాం. తన మాట తాను చెప్పుకోవడానికి రాయగడ బండి లోకో పైలట్ బతికి లేడు. చూశారనే అనుకుందాం. అలాంటివాళ్ల కోసమే కదా స్వామీ కవచ్ చేయించింది! క్యాబిన్‌లోకి క్రికెట్ మోసుకొచ్చే సిగ్నల్ అందిన చోటికి, ముందు మరో బండి ఉందని చెప్పే సిగ్నల్ ఎందుకు అందలేదో ఆ ప్రకటనలో లేదు.

మంత్రిగారు ఎక్కిన ఇంజన్‌కు మాత్రం కవచ్ పక్కాగా ఉంది. కాబట్టి ఉపాయం ఒక్కటే, ప్రతి ఇంజన్‌లో ఒక మంత్రిని కూర్చోబెట్టాలి. ఇన్ని వేల ఇంజన్లకు అంతమంది ఎక్కడ దొరుకుతారని బెంగ వద్దు. మాజీలున్నారు, కార్పొరేషన్ చైర్మన్లున్నారు, కేబినెట్ హోదా సలహాదారులున్నారు. వాకీటాకీ ఒక్కటి చేతికిస్తే చాలు.