పన్నెండో వరుస: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఇండియన్ సూపర్ లీగ్ అనే ఫుట్‌బాల్ పోటీ 2014లో మొదలైంది. ఏటా లీగ్ దశ, అనగా ప్రతి జట్టూ తక్కిన జట్లన్నిటితోనూ ఆడే దశ, ముగిసేసరికి ఒక పట్టిక సిద్ధమవుతుంది. ఆ పట్టికలో పై వరుసలకు వ్యాఖ్యాతల కొరత లేదు. గెలిచినవారు ఎందుకు గెలిచారో పత్రికలు చెబుతాయి, టీవీలు చెబుతాయి, చాలకపోతే గెలిచినవారే చెబుతారు. అడుగు వరుసలు మాత్రం టీక లేని క్లిష్టపాఠాలుగా మిగిలిపోతున్నాయి. 2023–24 పట్టికలో చిట్టచివరిదైన పన్నెండో వరుస అటువంటిదే. రెండేళ్ల ముందు అదే పోటీలో ఛాంపియన్ అయిన జట్టు పేరే అందులో కనిపించడంచేత, సామాన్య పాఠకుడు దానిని అచ్చుతప్పుగా భావించి సవరించుకునే ప్రమాదం ఉన్నందున, ఈ వ్యాఖ్యానం అవసరమైంది.

శాస్త్రగ్రంథానికి విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటినీ ముందే చెప్పడం సంప్రదాయం. ఇందులో విషయం ఒక ఛాంపియన్ జట్టు పతనం. ప్రయోజనం ప్లేఆఫ్ పద్ధతి మీద ఏటా రేగే వివాదానికి ఒక నిర్ణయం చెప్పడం. సంబంధం పట్టికకూ పతనానికీ మధ్య గల బోధకబోధ్య సంబంధం. అధికారి, అనగా దీనిని చదవడానికి అర్హుడు, ఆ ఏడు గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో టికెట్టు కొని కూర్చుని, తొంభయ్యో నిమిషం దాకా కుర్చీలోంచి లేవనివాడు. అటువంటివారు కొద్దిమందే గనుక గ్రంథవిస్తరం పనికిరాదు.

మూలం

12. హైదరాబాద్ ఎఫ్‌సీ – ఆ 22, గె 1, డ్రా 5, ఓ 16, పా 8.

ప్రతిపదార్థం

12 = పన్నెండు జట్లుగల పట్టికలో పన్నెండవ స్థానమందు, అనగా కింద మరొకరు లేని చోట; హైదరాబాద్ ఎఫ్‌సీ = 2019లో పుణె సిటీ క్లబ్ స్థానంలో లీగ్‌లోకి వచ్చినట్టియు, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి కప్పు ఎత్తినట్టియు క్లబ్బు; ఆ 22 = తక్కిన పదకొండు జట్లతో సొంతగడ్డపై ఒకసారి, వారి గడ్డపై ఒకసారి వంతున ఆడిన ఇరవై రెండు మ్యాచ్‌లలో; గె 1 = ఒకే ఒక్క గెలుపును (2024 మార్చిలో చెన్నై వెళ్లి చెన్నైయిన్ ఎఫ్‌సీ మీద సాధించినది అదే గనుక, సొంతగడ్డపై గెలుపు ఒక్కటీ లేదని అర్థాపత్తి ప్రమాణంచేత సిద్ధిస్తుంది); డ్రా 5 = గెలుపూ ఓటమీ కాని ఐదు ఫలితాలను; ఓ 16 = పదహారు ఓటములను పొంది; పా 8 = గెలుపుకు మూడు, డ్రాకు ఒకటి, ఓటమికి శూన్యం అనే లెక్కన ఎనిమిది పాయింట్లు గలదై, నిలిచెను అని శేషం.

తాత్పర్యం

పాతిక నెలలైనా గడవకముందే ఒక ఛాంపియన్ జట్టు, దేశంలోని పెద్ద లీగ్‌లో ఇరవై రెండుసార్లు మైదానంలోకి దిగి, ఒక్కసారి మాత్రమే విజేతగా బయటికి వచ్చిందని భావం.

అన్వయ విశేషం

ఈ వరుసను ఛాంపియన్ అయిన 2021–22 నాటి వరుసతో కలిపి చదివితేనే అర్థం స్ఫురిస్తుంది. ఆనాటి పాఠం: 2. హైదరాబాద్ ఎఫ్‌సీ – ఆ 20, గె 11, డ్రా 5, ఓ 4, పా 38. రెండు పాఠాలలోనూ డ్రాలు ఐదే కావడం గమనింపదగినది. కీర్తి శిఖరం మీదా అడుగు మెట్టు మీదా డ్రాల సంఖ్యను మార్చకుండా కాపాడుకున్న జట్టుకు స్థితప్రజ్ఞ లక్షణం కొంత ఉన్నదని ఒప్పుకోక తప్పదు. 2020–21లో ఇరవై మ్యాచ్‌లలో పదకొండు డ్రాలు చేసి, 29 పాయింట్లతో ఐదో స్థానంలో ఆగిపోయి, నాలుగు జట్ల ప్లేఆఫ్‌కు గుమ్మం దగ్గరే నిలబడినదీ ఈ జట్టే గనుక, డ్రా దీనికి ఇంటివిద్య అని కొందరి అభిప్రాయం. ఏమైనా ముఖ్యంగా మారినవి గె, ఓ అనే రెండు గళ్లు: పదకొండు ఒకటైంది, నాలుగు పదహారైంది.

శంకా సమాధానాలు

శంక: 2021–22లో 43 పాయింట్లతో పట్టికకు తలమానికంగా నిలిచింది జంషెడ్‌పూర్ కదా, 38 పాయింట్లతో రెండోదైన హైదరాబాద్ ఛాంపియన్ ఎట్లా అయింది? సమాధానం: అప్పట్లో ఈ లీగ్‌లో కిరీటాలు రెండు. పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చేది షీల్డు. ఇది 2019–20 నుంచి వచ్చింది, మొదట అందుకున్నది గోవా. పట్టిక ముగిశాక పై జట్లు మళ్లీ తలపడి, ఓడినవారు ఇంటికి పోగా, చివరికి మిగిలినవారికి ఇచ్చేది కప్పు. ఆ మలి పోరు పేరే ప్లేఆఫ్. ఛాంపియన్ అనే బిరుదు కప్పు గెలిచినవారిదే.

ఈ ప్లేఆఫ్‌కు రెండు పాఠాలున్నాయి. 2021–22 దాకా గల ప్రాచీన పాఠంలో మొదటి నాలుగు జట్లు నేరుగా సెమీఫైనల్‌కు పోయేవి. 2022–23 నుంచి నవ్యపాఠం అమలులోకి వచ్చింది. అందులో మొదటి రెండు జట్లు సెమీఫైనల్‌లో కూర్చుని ఎదురుచూసేవి, మూడు నుంచి ఆరు వరకు గల జట్లు ఒక్కొక్క మ్యాచ్‌తో తేల్చుకుని వాటి దగ్గరికి వచ్చేవి. క్రికెట్ ఐపీఎల్‌లో మొదటి ఇద్దరికి ఒకసారి ఓడినా రెండో అవకాశం ఉంటుంది. ఇక్కడ వారికి అటువంటి రెండో అవకాశం ఉండేది కాదు.

పూర్వపక్షం

ఈ విషయంలో పండితులు రెండు మతాలుగా చీలి ఉన్నారు. షీల్డు మతంవారి వాదన ఇది: నెలల తరబడి ఇరవైకి పైగా మ్యాచ్‌లు ఆడి సంపాదించిన స్థానాన్ని మూడు మ్యాచ్‌లు కొట్టివేయరాదు, ఇంగ్లండ్, స్పెయిన్ దేశాల పెద్ద లీగ్‌లలో పట్టికలో మొదటివాడే ఛాంపియన్, ఇంగ్లండ్ కింది డివిజన్లలో ప్లేఆఫ్ ఉన్నా అది పై తరగతికి ఎక్కడానికే గాని కిరీటానికి కాదు. 2016లో నాలుగో స్థానంలో ఉన్న కోల్‌కతా జట్టు కప్పు ఎత్తుకుపోవడం, 2023–24లో షీల్డు గెలిచిన మోహన్ బగాన్‌ను దాని సొంత సాల్ట్ లేక్ స్టేడియంలోనే ముంబై సిటీ ఫైనల్‌లో 3–1తో ఓడించడం వీరికి నిత్య పారాయణ విషయాలు.

కప్పు మతంవారు ఊరుకోరు. పెద్ద మ్యాచ్‌లో తడబడేవాడు పెద్ద జట్టు ఎట్లా అవుతాడని వారి ప్రశ్న. ప్లేఆఫ్ లేకపోతే మధ్య స్థానాలలోని జట్లకు చివరి నెలలో ఆడడానికి కారణమే ఉండదనీ, చూసేవారికి చూడడానికి కారణం అంతకంటే ఉండదనీ వారి హేతువు. హైదరాబాద్ గెలిచిన ఫైనల్‌నే వారు దృష్టాంతంగా చూపుతారు: 68వ నిమిషంలో కేరళ గోల్ చేసింది, 88వ నిమిషంలో, ఇక సర్దుకోవడమే తరువాయి అనగా, ప్రత్యామ్నాయ ఆటగాడిగా వచ్చిన సాహిల్ తవోరా పెనాల్టీ బాక్సు బయటి నుంచి కొట్టి స్కోరు సమం చేశాడు, షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్కులు ఆపగా, హాలీచరణ్ నర్జరీ కొట్టిన కిక్కుతో 3–1గా కథ ముగిసింది. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్న ఒగ్బెచే ఉన్న జట్టుకు కప్పు తెచ్చినవి ఆపిన కిక్కులు కావడం ప్లేఆఫ్ మహిమ అని వారి అభిప్రాయం.

ఒక్క మ్యాచ్ పద్ధతిలో ఏమేమి జరగవచ్చునో నవ్యపాఠం మొదటి ఏడే చూపింది. 2023 మార్చి 3న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో అదనపు సమయంలో, కేరళ ఆటగాళ్లు ఫ్రీకిక్‌కు అడ్డుగోడ కట్టుకునే లోపలే బెంగళూరు ఆటగాడు సునీల్ ఛేత్రీ బంతిని గోల్‌లోకి పంపాడు, రిఫరీ గోల్ ఇచ్చాడు, కేరళ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ తన జట్టును మైదానం నుంచి తీసుకుపోయాడు. ఫలితంగా ఫుట్‌బాల్ ఫెడరేషన్ కేరళ క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు పది మ్యాచ్‌ల నిషేధం విధించింది. ఉభయ మతాలవారూ ఈ ఘట్టాన్నే తమ తమ వాదాలకు ప్రమాణంగా ఉదహరిస్తారు. అన్యాయానికి నిదర్శనమని షీల్డువారు, ఇంత రక్తికట్టే ఘట్టం పట్టికలో దొరుకుతుందా అని కప్పువారు.

సిద్ధాంతం

రెండు మతాలూ ఏకదేశ సత్యాలే. హైదరాబాద్ చరిత్ర వాటి రెంటికీ బాధకం. 2022లో 43 పాయింట్లవాడి బిరుదును 38 పాయింట్ల హైదరాబాద్‌కు ఇచ్చిన ప్లేఆఫే, 2023లో 42 పాయింట్లతో రెండో స్థానంలో ఉన్న హైదరాబాద్‌ను, 34 పాయింట్లతో మూడోదైన ఏటీకే మోహన్ బగాన్ ముందు నిలబెట్టింది. రెండు సెమీఫైనల్ మ్యాచ్‌లలోనూ ఒక్క గోల్ పడలేదు, షూటౌట్‌లో 4–3తో హైదరాబాద్ ఓడింది, మోహన్ బగాన్ కప్పు కూడా గెలిచింది. కనుక పాయింట్ల లెక్కన చూస్తే ఈ జట్టు అత్యుత్తమ సంవత్సరం చేతికి ఏ ట్రోఫీ రాని సంవత్సరమే. ఇచ్చిన చేతితోనే తీసుకున్నది గనుక ప్లేఆఫ్‌ను పతనానికి కారణంగా చెప్పడం కుదరదు.

పోనీ, షీల్డు గెలిచినవారు చల్లగా ఉన్నారా అంటే అదీ లేదు. 43 పాయింట్ల జంషెడ్‌పూర్ మరుసటి ఏడే పదకొండు జట్లలో పదో స్థానానికి జారింది. కాబట్టి పట్టికైనా ప్లేఆఫైనా ఛాంపియన్‌ను ఎంచే సాధనాలే గాని నిలిపే సాధనాలు కావని తేలుతున్నది.

హైదరాబాద్ జారడానికి కారణం మైదానం బయట ఉన్నది. 2023లో కోచ్ మనోలో మార్కెజ్ గోవాకు వెళ్లిపోయాడు, ఎడమవైపు డిఫెండర్ ఆకాశ్ మిశ్రా ముంబైకి వెళ్లాడు, ఒగ్బెచే కూడా జట్టును వీడాడు. ఆటగాళ్లు వెళ్లిపోవడం ఏ క్లబ్బుకైనా మామూలే. జీతాలు నెలల తరబడి అందకపోవడం మామూలు కాదు. బకాయిల ఫిర్యాదుల మీద ఫిఫా కొత్త ఆటగాళ్ల నమోదును నిషేధించింది. ఉన్నవారు పోతుంటే కొత్తవారిని తెచ్చుకునే వీలు లేకుండా పోయింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే విమానం ఎక్కగా, సీజన్ రెండో సగంలో బ్రెజిల్‌కు చెందిన జోవావ్ విక్టర్ ఒక్కడే మిగిలాడు. అతడి చుట్టూ కుర్రవాళ్లను నిలబెట్టి కోచ్ తాంగ్‌బోయ్ సింగ్‌టో మిగిలిన మ్యాచ్‌లు ఆడించాడు. చెన్నైలో దక్కిన ఆ ఒక్క గెలుపు ఆ కుర్రవాళ్లది. మూలంలోని 'గె 1' అనే గడిని అందుకని గౌరవంతో చదవాలి.

ఈ నగరానికి ఇది కొత్త కథ కాదు. క్రికెట్‌లో డెక్కన్ ఛార్జర్స్ 2008లో ఎనిమిది జట్లలో ఎనిమిదోది; 2009లో లీగ్ దశలో నాలుగోదిగా నిలిచి ప్లేఆఫ్ దారిన ట్రోఫీ గెలిచింది; 2012లో బీసీసీఐ ఆ ఫ్రాంచైజీనే రద్దు చేసింది. దీనికి భిన్నమైన పూర్వోదాహరణ కూడా ఇక్కడే ఉన్నది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. రహీం ప్రతిభ నిర్వివాదం. అయితే ఆ జట్టు పోలీసు శాఖది కావడంచేత ఆటగాళ్ల ఒకటో తారీఖు జీతం కూడా నిర్వివాదంగానే ఉండేదన్న సంగతిని వ్యాఖ్యాతలు విస్మరించరాదు.

రసాలంకారాదికం

సంఖ్యలన్నీ వరుస తప్పకుండా తమ తమ గళ్లతో అన్వయించడంచేత మూలంలో క్రమాలంకారం. అతిశయోక్తికి తావు లేదు. రసం కరుణ, స్థాయీభావం శోకం, ఆలంబనం జట్టు, ఆశ్రయం అభిమాని, ఉద్దీపనం ప్రత్యర్థి కొట్టే రెండో గోల్, అనుభావం ఎనభయ్యో నిమిషానికే మెట్లు దిగి పార్కింగ్ వైపు నడవడం. సంచారీభావాలలో నిర్వేదం ప్రధానం.

ఫలశ్రుతి

పన్నెండో వరుస తర్వాత కథ క్లుప్తం. 2024లో యాజమాన్యం చేతులు మారింది, 2024–25లో జట్టు పదమూడు జట్లలో పన్నెండోదిగా 18 పాయింట్లతో ముగించింది, 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. ఢిల్లీ తన పాత జట్టును 2019లో భువనేశ్వర్‌కు పోగొట్టుకున్నది. అదే ఏడు పుణె పోగొట్టుకున్న స్థానంలో హైదరాబాద్ జట్టు వచ్చింది. అందుచేత ఈ లీగ్‌లో పునర్జన్మ సిద్ధాంతానికి ప్రత్యేకంగా ప్రమాణం వెతకనక్కరలేదు.

ఇక నిర్ణయం. ప్లేఆఫ్‌లో నాలుగు జట్లుండాలా ఆరుండాలా, కప్పు గొప్పదా షీల్డు గొప్పదా అన్న వాదాలు కొనసాగవచ్చు; పండితులకు కాలక్షేపం కావలసిందే. కాని ఆటగాళ్లకు బకాయిలు ఉండరాదన్న షరతు క్లబ్ లైసెన్సుల నిబంధనలలో ఉన్నది. ఆ షరతును సీజన్ మొదలుకాకముందే గట్టిగా అమలు చేసిన లీగ్‌లో మాత్రమే ఛాంపియన్ ఎవరన్న చర్చకు అర్థం ఉంటుంది. ముందు జీతాలు, తర్వాత ప్లేఆఫ్‌లు.