తిరుగులేని చిట్కాలు: ఊరొదిలి, రాష్ట్రం దాటి, కొత్త బతుకు మొదలుపెట్టడం ఎట్లా?

ఆదోని, ఎమ్మిగనూరు పక్కన పుట్టినందుకు మీకు ఒక పెద్ద సౌకర్యం ఉంది. పడమటికి పోతే సిరుగుప్ప, ఉత్తరాన తుంగభద్ర దాటితే రాయచూరు సీమ. బాకీ అడగడానికి వచ్చినాయన మీ గడప ముందు చెప్పులు విప్పేలోపు మీరు కర్ణాటకలో టీ తాగుతూ ఉండొచ్చు. కడప వాళ్లకు, ఒంగోలు వాళ్లకు ఈ అదృష్టం ఎక్కడిది?

రాష్ట్రం మారడం ఈ నేలకు కొత్త కాదు. 1953 సెప్టెంబరు 30 రాత్రి ఆదోనిలో నిద్రపోయినవాడు మద్రాసు రాష్ట్రం, బళ్లారి జిల్లా మనిషి. తెల్లారి లేస్తే ఆంధ్ర రాష్ట్రం మనిషి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటొచ్చాయి, బళ్లారి అటు పోయింది. అప్పట్లో ఎమ్మిగనూరు కూడా ఆదోని తాలూకాలోదే. మూడేళ్లకు ఆంధ్రప్రదేశ్ అయింది. 2014 జూన్ 2న పేరు అదే ఉండి రాష్ట్రం చిన్నదయింది. ఇన్నిసార్లు రాష్ట్రం మారినా ఒక్కరి బాకీ కూడా మాసిపోలేదు. ఎందుకంటే అందరూ ఇంట్లోనే కూర్చున్నారు. మీరు ఆ తప్పు చేయొద్దు. లేచి పోండి. ఎట్లా పోవాలో నేను చెప్తాను. ఎక్కడా ఒళ్లు వంచే పని ఉండదు.

1. సుగ్గికి పోయే జనాన్ని చూసి నేర్చుకోవద్దు.

కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు పల్లెల నుంచి వానలు మొండిచేయి చూపిన ఏడు సుగ్గికని వలస పోతారు కదా, వాళ్లు చాలా చాదస్తం మనుషులు. దసరా, దీపావళి నాటికి పొలంలో ఏమీ మిగల్లేదని తేలాకే కదులుతారు. జొన్నపిండి మూట, పప్పుల పొడి డబ్బా, రొట్టెల పెనం, దుప్పట్లు, నీళ్ల బిందె అన్నీ బండికెక్కిస్తారు. మేస్త్రీ పాతవాడేనా అని చూస్తారు. మిరప కోతకు కిలోకింత అనా, రోజుకింత అనా అని ముందే తేల్చుకుంటారు. ఒక ఊరివాళ్లంతా ఒకేచోట గుడిసెలు వేసుకుంటారు. ముసలివాళ్లను, మేకలను ఇంటి దగ్గర ఉంచి, ఉగాదికి తిరిగొస్తారు. దాన్ని కొత్త బతుకు అనరు, కష్టపడటం అంటారు. పైగా వాళ్లలో చాలామంది పోయేది గుంటూరు మిరప చేలకు. అది మన రాష్ట్రమే కాబట్టి లెక్కలోకి రాదు. తెలంగాణ పత్తి చేలకు పోయేవాళ్లు రాష్ట్రం దాటినట్టే గానీ, అక్కడా వంగి పత్తి తీయాలట. మనకెందుకు?

2. బయల్దేరడానికి జూన్ నెల మంచిది.

తొలకరి పడి, పక్క చేలో గొర్రు కట్టి బుడ్డలు విత్తుతున్నారనుకోండి, అదే ముహూర్తం. ఆ రోజు మీరు ఊళ్లో ఉంటే ఎవరో ఒకరు పని చెప్తారు. విత్తనానికి దాచిన డబ్బు కూడా ఆ వారంలోనే చేతిలో ఉంటుంది. దారి ఖర్చులకు సరిపోతుంది. కాలువ నీళ్ల మాట ఎవరైనా ఎత్తితే “తుంగభద్ర దిగువ కాలువ చివరి చేలకు నీళ్లు ఎప్పుడొచ్చాయి లేప్పా” అనండి. ఇది నిజం కూడా. అబద్ధాల మధ్య నిజం ఒకటుంటే సంభాషణకు బలం.

3. ఒక్కొక్కరికి ఒక్కో ఊరు చెప్పండి.

పెళ్లానికి బెంగళూరు. మామకు హైదరాబాదు. మండీ సావుకారికి ముంబయి. ఆదోని స్టేషను ముంబయి–చెన్నై లైను మీదుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. ఎమ్మిగనూరు వాళ్లకు ఇంకా సుఖం. వాళ్ల ఊరికి రైలే లేదు. ఆదోనికో మంత్రాలయం రోడ్డుకో బస్సులో పోయి ఎక్కాలి. ఎప్పుడు ఎవరు పట్టుకున్నా “బస్సు ఆలస్యమై రైలు తప్పింది” అనొచ్చు. ఈ ఒక్క సాకు మీద నెల్లాళ్లు ఊళ్లోనే ఉండి వలస పోయినట్టు బతకొచ్చు.

సావుకారి నడిరోడ్డు మీద పట్టుకుంటే ఇట్లా మాట్లాడండి:

“ఏంప్పా, యాడికి పోతాండావు మూట కట్టుకోని?”

“మంత్రాలయానికి సావుకారీ. నీ బాకీ తీరాలని మొక్కుకున్యా.”

దేవుడి మాట వచ్చాక ఏ సావుకారీ మూట విప్పమనడు. బట్టలు అన్ని జతలు ఎందుకని అడిగితే “మూడు నిద్రలు చేయాల” అనండి.

4. ముందుగా కనుక్కోవాల్సినదంతా జాతరలోనే కనుక్కోండి.

జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాళ్లు దొరుకుతారు. నల్లద్దాలు పెట్టుకున్నవాడి మాటే నమ్మండి. “నెలకు ఎంత మిగుల్తాది మామా?” అని అడిగితే వాడు ముందు నవ్వుతాడు, తర్వాత ఒక అంకె చెప్తాడు. ఆ అంకెలో అద్దె లేదు, తిండి లేదు, పని లేని రోజులు లేవు. మీరూ వాటిని కలపొద్దు. అదే గుంపులో అరచేతులు కాయలు కాసి, సిమెంటుకు గోళ్లు తెల్లబడినవాడు ఒకడు మౌనంగా బొరుగులు తింటూ ఉంటాడు. వాడిని ఏమీ అడగొద్దు, జాతర పాడవుతుంది.

5. ఇద్దరు మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకోండి.

ఒకాయన దగ్గర తీసుకుంటే కూలి అంటారు. ఇద్దరి దగ్గర తీసుకుంటే ముందుచూపు. ఇద్దరూ బావమరుదులని తర్వాత తెలుస్తుంది. ఆ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

రాతకోతలు మాత్రం అడగొద్దు. వేరే రాష్ట్రానికి తీసుకుపోయే కూలీల కోసం 1979లోనే పార్లమెంటు ఒక చట్టం చేసింది. గుత్తేదారుకు లైసెన్సు ఉండాలనీ, మనిషికొక ఫొటో ఉన్న పాస్‌బుక్ ఇవ్వాలనీ, ఊరు కదిలినందుకు నెల కూలిలో సగం తిరిగి ఇవ్వక్కర్లేని భత్యంగా ఇవ్వాలనీ, దారి ఖర్చులు కూడా ఇవ్వాలనీ అప్పట్లో అందులో రాశారు. ఇవన్నీ అడిగితే మేస్త్రీ మనసు నొచ్చుకుంటుంది. ఆయన మీకు బీడీ ఇచ్చాడు కదా, అదే ఒప్పందం. తీసుకున్న అడ్వాన్సు ఎంతో ఆయన నోటు పుస్తకంలోనే ఉండనివ్వండి. చదివి చూస్తానని అనొద్దు. అంకెలు పెరగడానికి కొంచెం చోటు కావాలి.

6. కార్డులన్నీ మంచం కింద ట్రంకు పెట్టెలో పెట్టి, తాళంచెవి పోగొట్టుకోండి.

రేషన్ కార్డు వెంట తీసుకుపోతే పెద్ద చిక్కు. 2019 ఆగస్టులో వేరే రాష్ట్రంలో రేషన్ తీసుకునే పద్ధతి దేశంలో మొదట ఆరంభించిన రాష్ట్రాల జంటల్లో ఆంధ్ర–తెలంగాణ ఒకటి. ఇప్పుడు కర్ణాటకలో కూడా వేలు పెట్టి బియ్యం తెచ్చుకోవచ్చు. బియ్యం వస్తే వండాలి. వండితే గిన్నెలు కడగాలి. అదే కార్డు లేదనుకోండి, షెడ్డు పక్కన బంకులో ఖాతా పెట్టుకోవచ్చు. ఖాతా ఉన్నవాడికి ఆ ఊళ్లో కనీసం ఒక మనిషైనా రోజూ పలకరించేవాడు దొరుకుతాడు.

ఓటు మాత్రం ఇక్కడే ఉంచండి. ఎన్నికలొస్తే బండి పంపేవాళ్లు ఉంటారు. మీ బతుకులో ఉచితంగా వచ్చే ప్రయాణం అదొక్కటే.

7. పిల్లల బడి గురించి.

సంవత్సరం మధ్యలో మాన్పించండి. వలస పోయేవాళ్ల పిల్లల కోసం కర్నూలు జిల్లాలో సీజనల్ హాస్టళ్లు పెడుతుంటారు, అక్కడ తిండీ చదువూ దొరుకుతాయి. హెడ్మాస్టరు వచ్చి ఆ మాట చెప్తే “మా పిల్లోడు నన్ను ఇడ్సి ఉండలేడు సార్” అనండి. అక్కడ పిల్లోడు చెల్లెల్ని చూసుకుంటూ ఇసుక కుప్ప మీద ఆడుకుంటాడు. పెద్దయ్యాక మీ మాదిరే చురుకైనవాడు అవుతాడు.

8. మీకు వచ్చిన భాషను మర్చిపోండి.

ఆదోని సందుల్లో పెరిగినవాడికి తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ ఎంతో కొంత నోట్లో తిరుగుతాయి. కన్నడ బోర్డును తెలుగువాడు కళ్లు చికిలించి సగం చదివేస్తాడు కూడా. ఇది బయటపెడితే వెంటనే పది మంది కూలీలకు మిమ్మల్ని లీడరు చేసి, సామాను లెక్క రాయమంటారు. కాబట్టి “కన్నడ గొత్తిల్ల” అనే ఒక్క ముక్క నేర్చుకోండి. సినిమాల్లో విన్న హిందీ మాట్లాడండి. మేస్త్రీ ఇటుకలు తెమ్మంటే తల ఊపి ఇసుక తెండి. రెండు రోజులు చాలు, ఇంక ఎవరూ పని చెప్పరు. మూడో రోజు కూలి కూడా ఇవ్వరు, అదొక్కటే లోపం.

9. చేతిలో విద్య ఉంటే దాచండి.

ఎమ్మిగనూరు మగ్గం మీద పెరిగారా? మగ్గం అమ్మేసి టికెట్ కొనండి. ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి ముట్టుకుని తేమ ఎంతో చెప్పగలరా? ఎవరికీ చెప్పొద్దు. కొత్త బతుకంటే అ ఆ ల నుంచే మొదలవ్వాలి. మాచాని సోమప్ప గారని ఒకాయన ఉండేవారు. ఊరి నేతగాళ్లకు ఊళ్లోనే పని చూపించాలని 1938లో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టారు. దుప్పట్లు, టవళ్లు దేశమంతా పోయాయి. 1954లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. ఇట్లాంటివాళ్ల కథలు ప్రయాణానికి ముందు వినకూడదు. మూట విప్పబుద్ధేస్తుంది.

ఉద్యోగం అడిగినప్పుడు “సూపర్‌వైజర్‌గా చేసినాను” అనండి. ఎక్కడ అంటే “ఆదోనిలో” అనండి. ఏం సూపర్‌వైజ్ చేశారో అడగరు. అడిగితే దగ్గండి. అపార్ట్‌మెంటులో రాత్రి వాచ్‌మన్ పని దొరికితే వదలొద్దు. నిద్రకు జీతం ఇచ్చే పని లోకంలో అదొక్కటే. పట్టుబడిన రాత్రి “కళ్లు మూసుకొని చెవులతో కాస్తాండా సార్” అన్నవాడిని ఒకణ్ని ఎరుగుదును. మహానుభావుడు, రెండో నెల జీతం చూడలేదు.

10. ఇల్లు.

బెంగళూరులో ఇంటి అడ్వాన్సు అంటే పది నెలల అద్దె అడిగే ఆనవాయితీ ఉండేది. మీ దగ్గర పది రోజులది కూడా లేదు. చింతించొద్దు. పెద్దమ్మ కొడుకు గదిలో “రెండు దినాలు” అని దిగండి. ఆ గదిలో అప్పటికే అయిదుగురుంటారు. ఆరో మనిషికి గోడ వైపు చోటు ఇస్తారు. మీ మూట గుమ్మం దగ్గర పెట్టకండి, అటక మీద పెట్టండి. కిందున్న మూటను బయట పెట్టడం తేలిక, అటక మీద నుంచి దించాలంటే వాళ్లకూ బద్ధకం. రెండు దినాలు అయ్యాక కడుపునొప్పి తెచ్చుకోండి. ఉగ్గాని చేసుకోవడానికి బొరుగులు తెస్తానని పొద్దున బయటికి పోయి, వాళ్లు పనికి పోయాక తిరిగి రండి.

11. ఇంటికి ఫోన్.

మొదటి నెల: “ఇంగా బ్యాంకు ఖాతా తెరవలే.”

రెండో నెల: “మేస్త్రీ బిల్లు రాలేదంట.”

మూడో నెల: ఫోను ఎత్తొద్దు. తర్వాత “ఈడ టవర్ కన్నడంలో వస్తాది, మీకు కలవదు” అనండి. అమ్మ నమ్ముతుంది. పెళ్లాం నమ్మదు, కానీ పక్కన అత్త ఉంది కాబట్టి ఏమీ అనదు. ఇంటి ఖర్చు ఆమె ఎట్లా నెట్టుకొస్తోందో అడగొద్దు. పొరుగు చేలో కలుపుకు పోతోందని చెబితే మీ మనసు పాడవుతుంది. మనసు పాడైతే కొత్త బతుకు సాగదు.

12. తిరిగి రావడం.

జాతర నాటికి తప్పక రండి. ఒక జత కొత్త బట్టలు, నల్లద్దాలు అప్పు తెచ్చుకోండి. ఆదోనిలో పెద్ద బస్టాండులో దిగొద్దు, సావుకారి మనిషి అక్కడే టీ తాగుతుంటాడు. ఊరి బయట దిగి చీకటి పడ్డాక నడవండి. మర్నాడు రథం దగ్గర ఎవరో ఒక కుర్రాడు వచ్చి “నెలకు ఎంత మిగుల్తాది మామా?” అని అడుగుతాడు. ముందు నవ్వండి. తర్వాత అంకె చెప్పండి.

ఆ అంకెకు మీ బావమరిది పడిపోతాడు. వాడి విత్తనాల డబ్బుతో ఇద్దరికీ టికెట్లు వస్తాయి. కర్ణాటకలో ఇద్దరు మేస్త్రీలు మీ కోసం వెతుకుతున్నారు, పెద్దమ్మ కొడుకు మాట విని తెలంగాణలో వాడి చిన్నబావ కూడా మీ పేరు వింటే తలుపేస్తాడు. అయినా పర్వాలేదు, హోసూరు ఉంది. తమిళనాడే గానీ తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది, మిమ్మల్ని ఎరిగినవాడు ఇంకా ఒక్కడూ లేడు. ఎవరైనా మీకంటే ముందు పోయి వాళ్ల నమ్మకం పోగొట్టేలోపు మీరే పోండి.