నిజాం పోయినా పోని రిజిస్టరు

తెలంగాణ అంతటా హిజ్రాలను దొంగల లెక్కన చూసిన నపుంసకుల చట్టం 1329 ఫసలీలో, అంటే నిజాం సర్కారు శిస్తు లెక్కల సంవత్సరాన్ని మామూలు లెక్కలోకి మారిస్తే 1919లో పుట్టింది. చీర కట్టి, నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకుని రెండేళ్ల దాకా జైల్లో పెట్టవచ్చని, అనుమానం ఉన్నవారి పేర్లు రిజిస్టరులో ఎక్కించాలని అది శాసించింది. నిజాం పాలన ముగిసినా, రాష్ట్రాలు కలిసి విడిపోయినా, లింగ గుర్తింపు ఎవరికి వారు చెప్పుకునేదేనని 2014లో నల్సా (జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ) కేసులో సుప్రీంకోర్టు తేల్చినా ఆ చట్టం చెక్కుచెదరలేదు. వైజయంతి వసంత మొగ్లి తదితర ఉద్యమకారులు 2018లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై, అంటే పదిమంది మేలు కోరి వేసిన దావాపై, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసి, ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను వర్తింపజేయాలని ఆదేశించింది. అడగకుండానే పేరు రాసుకున్న సర్కారువారు ఇప్పుడు 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం కింద గుర్తింపు పత్రానికి కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోమంటున్నారు. జైలుకు పంపడానికి ఒక్క కాగితమూ అక్కర్లేదన్న యంత్రాంగానికి పింఛను ఇవ్వడానికి మాత్రం కాగితాలన్నీ కావాలి మరి!