ఆరు బద్దల గాలపు కర్ర గోడు

ఆ గాలపు కర్రను పుట్టుపూర్వోత్తరాలు అడిగితే రెండు ముక్కల్లో ముగిస్తుంది. తనకు జరిగిన మర్యాదల గురించి అడిగితే మాత్రం ఓ పట్టాన ఆపదు.

వయసు తొంభై దాటిందట. వెదురు చైనాది, గ్వాంగ్‌డాంగ్‌లో సుయి నది ఒడ్డు కొండల మీద పెరిగిన టాంకిన్ వెదురు. పనితనం ఇంగ్లండుది. బొంగును నిలువునా చీల్చి, ఒక్కో బద్దను మూడు మూలలుగా చిత్రిక పట్టి, ఆరింటినీ వజ్రం జిగురుతో అతికించారు. పైన పట్టుదారం కట్లు, వెదురు మీదా కట్ల మీదా వార్నిష్, ముక్కలను కలిపే చోట జర్మన్ సిల్వర్ కీళ్లు. అంతకుముందు కాలంలో ఇలాంటి కర్రలకు కలకత్తా రేవు నుంచి ఓడెక్కిన వెదురునే వాడేవారు. టాంకిన్ వచ్చాక దాన్ని అడిగే నాథుడు లేకపోయాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు కర్ర కాస్త మీసం మెలేస్తుంది.

దాని మంచి రోజులన్నీ నీలగిరుల్లో ట్రౌట్ వేటలో గడిచాయి. ట్రౌట్ మన దేశపు చేప కాదు. దొరల సరదా కోసం బయటి నుంచి తెచ్చి, 1907లో అవలాంచీలో గుడ్లు పొదిగించే కేంద్రం కట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కొండవాగుల్లో వదిలారు. ఆ వాగుల్లో రెయిన్‌బో ట్రౌట్ లాగితే విల్లులా వంగి, చేప ఒడ్డున పడగానే మళ్లీ నిటారుగా నిలబడేదాన్నని అది చెప్పుకుంటుంది. ఆ బిగువు ఎక్కడిదో దానికి బాగా తెలుసు. వెదురులో గట్టి నార అంతా పైచర్మం కిందే ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ పస తగ్గుతుంది.

1947లో దాన్ని వాడిన దొర ఓడెక్కాడు. కర్రను తన దగ్గర పనిచేసిన గుమాస్తాకిచ్చాడు. గుమాస్తా దాన్ని కాకినాడ తెచ్చుకున్నాడు. ఆ తర్వాత మూడేళ్లకే, 1950 డిసెంబరులో, అమెరికా చైనా సరుకును నిషేధించింది. టాంకిన్ వెదురు దొరక్క అక్కడి పనివాళ్లు చేతులు కట్టుకు కూర్చుంటే, ఫైబర్‌గ్లాస్ కర్రలు బజారును ఆక్రమించాయి. కలకత్తా వెదురుకు పట్టిన గతి తన జాతికీ పట్టిందని మన కర్రకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికది అటక మీద ఉంది.

అటక మీద ఊరికే పడుకోబెట్టినా బాగుండేదంటుంది. చెమ్మగిల్లిన గుడ్డసంచిలోనే చుట్టి పెట్టారు. సముద్రపు గాలికి సంచి బూజు పట్టింది, లోహపు కీళ్లు పచ్చగా చిలుమెక్కాయి. ఎండాకాలం దించి, కొసకు వల కట్టి, దోటిగా మామిడికాయలు కోశారు. వానాకాలం దోమతెరకు ఊతంగా నిలబెట్టారు. ట్రౌట్‌ను లాగిన చేతికి ఇంతకన్నా పెన్షన్ ఏముంటుంది! ఈలోగా వార్నిష్ పెళుసుబారి, దారం కట్ల అంచున సన్నగా చిట్లింది. చూసేవాళ్లకు అది మెరుపు పోవడమే. కర్రకు అది ఇంటి కప్పు ఎగిరిపోవడం. పాత జిగురుకు నీళ్లంటే పడదు. చెమ్మ లోపలికి దిగితే బద్దలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి.

పట్టించుకోని వాళ్లకన్నా పట్టించుకున్న వాళ్ల మీదే దాని కోపం ఎక్కువ. ఓ సంక్రాంతికి తలుపులకు రంగేస్తూ, డబ్బాలో మిగిలిన ఆకుపచ్చ పెయింటు దీనికీ పూసేశారు. మరోసారి ఇంటి అల్లుడు గరుకు కాగితం అందుకుని, ఒక పలకను తెల్లబడేదాకా గీకాడు. పైనార అరిగిపోయిన ఆ చోట కర్ర ఈనాటికీ నీరసమే. చర్మం ఒలిచి అందం తెస్తానన్నాడని సణుగుతుంది.

చివరికి గుమాస్తా మనవరాలి చేతిలో పడింది. ఆవిడ ముందు ఏమీ చెయ్యలేదు, చూసింది. అతుకులు విడిచాయేమోనని ఒక్కో ముక్కనూ మెల్లగా వంచి చెవి పెట్టి విన్నది. కీళ్లను మెలిపెట్టకుండా తిన్నగా లాగి విడదీసింది. వేడి తగిలితే పాత జిగురు మెత్తబడుతుందని, పెయింటును వేడిగాలితో కాక ప్లాస్టిక్ అంచుతో ఓపిగ్గా లేపింది. సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టింది. అతి సన్నని స్టీల్ ఊలు వార్నిష్ మీదే ఆడింది, వెదురు దాకా పోలేదు.

పట్టుదారం కొత్తది చుట్టింది. దాని మీద తిన్నగా వార్నిష్ వేస్తే దారం అద్దంలా మారి రంగు పోతుంది. అందుకని రంగును కాపాడే పూత ముందు వేసింది. వార్నిష్ మాత్రం పడవలకు వేసే రకం, కొద్దికొద్దిగా, పొర ఆరాకే మరో పొర. కీళ్లలో ఒకదానిలో ఒకటి దూరే చోట చుక్క పడనివ్వలేదు. దుమ్ము లేని గది, వాన లేని నెల చూసుకుంది.

గరుకు కాగితం అరగదీసిన పలక బాగుపడలేదు. అది బాగుపడదు కూడా. పెద్ద చేపల జోలికి పోకుండా, చిన్న చేపలకే కర్ర ఇంకా పనికొస్తుంది.

మీ అటక మీదా ఇలాంటిది ఉంటే దానిదొక మనవి. వార్నిష్ మసకబారిందే తప్ప చిట్లకపోతే పూత జోలికి పోకండి, మెత్తటి గుడ్డతో తుడిచి వదిలేయండి. చిట్లితే చిట్లినంత మేరే బాగుచెయ్యండి. తడి సంచిలోంచి తీసి, పొడిగా ఉన్నచోట నిలువుగా వేలాడదీయండి. మామిడికాయలకు వేరే దోటి చేయించుకోండి.